నిండుకున్నాయప్పా

చిన్నాయన చనిపోయిన వార్త ఒక మధ్యాహ్నం కర్నూలులోని మా పత్రికాఫీసుకు ఫోనులో వచ్చింది. "గద్దె మిందనే ఒరిగిపోయినాడప్పా. తూకం రాయి చేతిలోనే ఉండాది," అని కోయిలకుంట్ల నుంచి పక్క దుకాణం ఆయన చెప్పాడు. చావు కబురు వస్తే విలేకరులం మేం మొదట అడిగేది ఎక్కడ అనే. ఈసారి అడగాల్సిన పని లేకపోయింది.

డిగ్రీ చదివే రోజుల్లో చిన్నాయన కర్నూలులో మా ఇంట్లోనే ఉండేవాడు. సాయంత్రాలు బస్టాండు దగ్గరి వీడియో గేముల హాలుకు పోయేవాడు. ఆడేది ఒకే ఆట. చిన్న విమానం, కింద సముద్రం, ఎదురొచ్చేవాటిని కాల్చుకుంటూ ముందుకు పోవాలి. ఆయన చివరి మెట్టుకు చేరిన రోజే, తాతకు పక్షవాతం వచ్చిందని మా నాన్న హాలుకు వచ్చి చెప్పాడు. చిన్నాయన ఆట మధ్యలో లేచి బస్సెక్కాడు. నాన్న అప్పటికే ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి కోయిలకుంట్లలోని ఇనుప సామాన్ల దుకాణం చిన్నాయనకు మిగిలింది.

మా ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. దుకాణం తెరిచి ఉన్నంతసేపూ గద్దె ఖాళీగా ఉండకూడదు. ఇంటివాళ్లలో ఎవరో ఒకరు కూర్చోవాలి. తాత పోయాక ఇంటివాళ్లంటే చిన్నాయన, అవ్వ. ఆయన పెళ్లి చేసుకోలేదు. అన్నానికి లేస్తే అవ్వ వచ్చి పావుగంట కూర్చునేది. మిగతా పొద్దంతా ఆయనే. అన్నేళ్లలో కర్నూలుకు రెండుసార్లు వచ్చాడు, రెండూ పెళ్లిళ్లకే.

రెండు వేల మూడో, నాలుగో. నాలుగు దుకాణాల అవతల నెట్ సెంటర్ పెట్టారు. ఒక ఆదివారం నేను పోతే, చిన్నాయన గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒరే, ఆ విమానం ఈడికొచ్చిందిరా. కంప్యూటర్లో ఉండాది. ఒక గంట కూకుంటావా? నువ్వూ ఇంటోడివే కదా."

కూర్చున్నాను. గంట తర్వాత వేళ్లు నలుపుకుంటూ వచ్చాడు. "రెండో మెట్టు గూడ దాటలే. కండ్లు చూస్తాండాయి, చేతులు ఇనల్లేదు."

లోపలి నుంచి అవ్వ అందుకుంది. "నలభై ఏండ్లొచ్చె. గోలీలు గూడ కొనియ్యల్లనా నాయనా?"

"కొనీమా. గద్దె మింద కూకోనే ఆడుకుంటా."

అప్పటినుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి పోయేవాణ్ని. ఆయనకు వారమంతటికీ ఆ గంటే. మిగతా వేళల్లో నా వార్తలు చదివేవాడు. "ముల్లు చూసి తూకం చెప్పు, సరుకును పొగడొద్దు," అనేవాడు. పత్రికలో నాకు అంతకంటే పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

మా దుకాణంలో 'లేదు' అనే మాట అనరు. అంటే లక్ష్మి లేచిపోతుందని అవ్వ నమ్మకం. సరుకు అయిపోతే 'నిండుకుంది' అనాలి. ఆటలో ప్రాణాలన్నీ అయిపోయినా చిన్నాయన నెట్ సెంటర్ ఆయనతో "నిండుకున్నాయప్పా" అనే అనేవాడట.

మూడు నెలలకు చేతులు దారికొచ్చాయి. ఆ ఆదివారం చెప్పులు కూడా మరిచి బయల్దేరాడు. "ఈపొద్దు చూస్తారా, ఆ సముద్రం అవతల ఏముండాదో."

శనగ కోతల కాలం. ఒక రైతు వచ్చి, "కొడవళ్లు ఉండాయా అప్పా?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూసి, "లేవు," అన్నాను.

అవ్వ వినింది. బయటికొచ్చింది. ఎండలో నాలుగు దుకాణాలు దాటి నెట్ సెంటర్‌లోకి పోయింది. కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది.

"నేనుండేంతవరకు ఆ నోరు ఈ గద్దె మింద కూకోగూడదు," అంది.

చిన్నాయన నా వైపు చూసి నవ్వాడు. "నిండుకున్నాయని అనల్ల గదరా రిపోర్టరూ." కూర్చుని మెత్త సర్దుకున్నాడు. తర్వాత చెప్పాడు. "చివరి మెట్టులోనే ఉంటి. నేను లేచినంక గూడ విమానం కొంచెం దూరం పోయిందిరా. ఎవురూ నడపకుండానే."

మళ్లీ అటు పోలేదు. అవ్వతో మాట్లాడతానంటే వద్దన్నాడు. "అమ్మదేముందిరా, నేనే దీనికి అంటుకుపోయినా." ఆ గంట ఆయనకు పోయింది నా ఒక్క మాటతో. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

పెద్దకర్మ అయిన మరుసటి రోజు అవ్వ దుకాణం తెరిపించింది. గద్దె మీద తనే కూర్చుంది. నేను గడప దగ్గర నిలబడ్డాను. కబురు తెలియని రైతు ఒకాయన, తాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు.

"అన్న యాడమ్మా? కనపల్లేదు."

అవ్వ నోరు తెరిచింది. లేడు అనాలి. ఆ గద్దె మీద కూర్చుని ఆమె ఎన్నడూ అనని మాట అది. పక్కనున్న తూకం రాయిని అటు జరిపింది, ఇటు జరిపింది.

"ఆడుకోనీకి పోయినాడప్పా," అంది.

"శానా సేపవుతాదా?"

అవ్వ నాలుగు దుకాణాల అవతలికి చూసింది.

"వస్తాడులే," అని రైతు తాడు చుట్ట దించి, అరుగు మీద నీడ చూసుకుని కూర్చున్నాడు.