వణికింది భూమి కాదు, నా చెయ్యి

సునామీ వచ్చి రెండు నెలలు దాటాక ఒక ఆదివారం, చర్చిలో ప్రభు భోజనం వేళ, ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల ట్రే పట్టుకుని వరుసల మధ్య నడుస్తున్నాను. ఉన్నట్టుండి గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. ఆ రోజుల్లో అండమాన్‌లోని మా బంబూఫ్లాట్‌లో భూమి తరచూ కదులుతూనే ఉండేది. మరో ఆలోచన లేకుండా, "భూకంపం, బయటికి రండి" అని కేకేశాను.

అందరూ పరుగెత్తారు. తోపులాటలో ఒక ముసలామె పడి మోకాలు చెక్కుకుపోయింది. బయట నిలబడి చూస్తే లోపల ఒక్క ఫ్యానూ ఊగడం లేదు. నాలాగే చర్చిలో డీకన్‌గా సేవ చేసే యోహాను దగ్గరకొచ్చి, "ఏటీ రాలేదన్నా" అన్నాడు. నా చేతిలోని ట్రే అప్పటికీ గలగలమంటూనే ఉంది. అతను దాన్ని చూశాడు, నా మొహం చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి చాతం రంపపు మిల్లులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే బడిపంతుల్నయ్యాను. ఇరవై రెండేళ్లు డీకన్‌గా చేశాను. సునామీ నీళ్లు ఒడ్డు ఇళ్లలోకి వచ్చినప్పుడు మెట్ట మీదున్న మా చర్చి తలుపులు తెరిచింది నేనే. తడి బట్టలతో వచ్చినవాళ్లకు దుప్పట్లు పంచాను, వారాల తరబడి కిచిడీ వడ్డించాను. అందుకే చెయ్యి వణుకుతోందంటే అందరూ, "సునామీ దడ, పోతుందిలెండి" అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

పోలేదు. బోర్డు మీద నా అక్షరాలు చిన్నవైపోయాయి. కనపడటం లేదని వెనక బెంచీ పిల్లలు "సార్, దిఖ్‌తా నహీ" అనేవారు. ఎడమ కాలు ఈడ్చుకుపోయేది. మాట నీరసించింది. ఊళ్లో చూపులు మారాయి. కరచాలనం చేసేవాళ్లు అవసరానికి మించి దగ్గరకొచ్చి వాసన చూస్తున్నారని నాకు అర్థమైంది. ఒకాయన జెట్టీ దగ్గర నవ్వుతూ, "డీకన్ సాబ్, థోడా కమ్ కరో" అన్నాడు. తాగుడు కొంచెం తగ్గించమని. జన్మలో సారా ముట్టనివాణ్ని నేను. ఆ తర్వాతి నెల పాస్టరుగారు, "కొన్నాళ్లు ట్రే యోహాను పట్టుకుంటాడులెండి" అన్నారు. యోహానుకు నా స్థానం మీద కన్నుందని ఆ రోజే మనసులో రాసిపెట్టుకున్నాను.

పోర్ట్‌బ్లెయిర్‌లో మొదట చూసిన డాక్టరు స్ట్రెస్ అన్నారు. నిద్రమాత్రలు రాశారు. నిద్ర వచ్చింది, వణుకు పోలేదు. వేసవి సెలవుల్లో నా భార్య సువార్తమ్మతో కలిసి ఓడెక్కి విశాఖపట్నం వెళ్లాను. అక్కడ న్యూరాలజిస్టు నా చేత వేళ్లు తట్టించారు, నడిపించారు, ఒక వాక్యం రాయించారు.

"ఎడమ చెయ్యి ఊపకుండా నడుస్తున్నారు. ఎప్పటి నుంచి?"

"ఈమధ్యనే" అన్నాను.

"రెండేళ్లయిందండి" అంది సువార్తమ్మ. "చేపలు కుళ్లినా ఈయనకి వాసన తెలీడం లేదు."

ఇవన్నీ ఆమె చూస్తోందని నాకు తెలియదు. ఎమ్మారై నార్మల్ వచ్చింది. అయినా డాక్టరు, "ఇది పార్కిన్సన్స్. సునామీ వల్ల వచ్చింది కాదు, అంతకుముందే మొదలైంది. పూర్తిగా నయం కాదు, కంట్రోల్ చేయొచ్చు" అన్నారు. లీవోడోపా రాశారు. కాలు తేలికపడింది, గొంతు లేచింది. వణుకు మాత్రం కొంత మిగిలింది. దానికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర రోజుకు సగం చొప్పున ఇచ్చి, తనను అడగకుండా పెంచొద్దని చెప్పారు.

తిరిగొచ్చాక జబ్బు పేరు ఎవరికీ చెప్పలేదు, సువార్తమ్మను కూడా చెప్పనివ్వలేదు. మళ్లీ ట్రే పట్టుకోవాలన్నది నా పంతం. సగం మాత్ర ఒకటి చేశాను. ఏడాది తిరిగేసరికి మూడు వేసుకుంటున్నాను. ఆ సంగతి సువార్తమ్మకు కూడా తెలియదు.

అప్పటి నుంచి నాకు అన్నీ స్పష్టంగా కనిపించసాగాయి, అంటే అలా అనిపించేది. సువార్తమ్మ, యోహాను వంటింటి గుమ్మం దగ్గర గుసగుసలాడుతున్నారు. నేను రాగానే ఆపేస్తున్నారు. టీ రుచి మారింది. ఆమె చూడనప్పుడు మా ఇద్దరి కప్పులూ మార్చి తాగేవాణ్ని. నా బీరువా తాళం జేబులో పెట్టుకుని స్నానానికి వెళ్లేవాణ్ని. ఒక మధ్యాహ్నం చర్చి మెట్ల మీద ముగ్గురు ఆడవాళ్లు తడి చీరలతో కూర్చుని కనిపించారు. ఇంటికొచ్చి, "వాళ్లకి టీ పెట్టు, చలికి వణుకుతున్నారు" అన్నాను.

సువార్తమ్మ నా వెంట వచ్చి మెట్లు చూసింది. "అక్కడెవుల్లేరండి" అంది మెల్లగా.

ఈమె నా దగ్గర ఏదో దాస్తోంది అనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం మీటింగులో లేచి నిలబడ్డాను. "యోహానూ, నా భార్యతో కలిసి నాకు మందు పెడుతున్నావు. నా చెయ్యి వణికించేది నువ్వే" అన్నాను. సువార్తమ్మ ఆడవాళ్ల వరుసలో తల దించుకుని కూర్చుంది. యోహాను లేచి నా దగ్గరకొచ్చాడు. కొడతాడనుకున్నాను. "సరే అన్నా, నానే పెట్టాననుకో. డాక్టర్ కాడికెళ్లి ఆ మందేటో పట్టిద్దాం, పద" అన్నాడు.

ఆ మాట నాకు న్యాయంగా తోచింది. అతన్ని పట్టించడానికే మర్నాడు ఉదయం ఫెర్రీ ఎక్కాను.

ఈసారి పోర్ట్‌బ్లెయిర్‌లో చూసింది ఒక లేడీ డాక్టరు. సువార్తమ్మ నా మాత్రలన్నీ ఒక గుడ్డసంచిలో తెచ్చి బల్ల మీద పోసింది. డాక్టరు ట్రైహెక్సీఫెనిడిల్ ఖాళీ స్ట్రిప్పులు చూసి, "ఇది ఎవరు పెంచారు?" అన్నారు.

"నేనే" అన్నాను.

"ఇది వణుకు తగ్గిస్తుంది. డోసు ఎక్కువైతే మతిమరుపు, లేనివి కనపడటం, అనుమానం. పెద్ద వయసులో ఇంకా తొందరగా వస్తాయి. ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గిద్దాం." తర్వాత యోహాను వైపు తిరిగి, "మీరెవరు?" అని అడిగారు.

"ఈయన తమ్ముణ్ని మేడమ్" అన్నాడు యోహాను. మాకు రక్తసంబంధం లేదు.

ఆ మాత్ర తగ్గించడానికి నెల పట్టింది. మొదట తడి చీరల ఆడవాళ్లు పోయారు. తర్వాత టీ రుచి మామూలైంది. సిగ్గు మాత్రం మిగిలింది. వంటింటి గుమ్మం దగ్గర సువార్తమ్మ, యోహాను మాట్లాడుకున్నది నన్ను మళ్లీ విశాఖ తీసుకెళ్లే ఓడ టికెట్ల గురించి. అయితే నా స్థానం పోతుందన్న అనుమానం మాత్రం నిజమే. నన్ను డీకన్ పదవి నుంచి తప్పించాలని సంఘం పెద్దలు కాగితం రాసి సంతకాలు పెట్టారు. సంతకం పెట్టనిది యోహాను ఒక్కడే.

డీకన్ పదవి నేనే వదిలేశాను. ఆ రోజు సంఘం ముందు నిలబడి జబ్బు పేరు చెప్పాను, నేను అన్న మాటలకు సువార్తమ్మనూ యోహానునూ అందరి ఎదుటా క్షమాపణ అడిగాను. వారం తిరగకుండా, జెట్టీ దగ్గర నవ్విన ఆయనే మా ఇంటికొచ్చి బొటనవేలు చూపించాడు. "భయ్యా, దేఖో, దానంతటదే ఆడతన్నాది" అన్నాడు. అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఇప్పుడు మాత్రలు వేళకు వేసుకుంటాను. ఉదయం యోహానుతో నడుస్తాను. కాలు నేలకు అతుక్కుపోతే అతను "ఒకటి, రెండు" అంటాడు, నేను అడుగేస్తాను. ఒంట్లో బాగాలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేస్తాను. గొంతు చిన్నదే, వాళ్లే దగ్గరగా జరిగి వింటారు.

ఈ జబ్బున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్లకండి. మీతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లను తీసుకెళ్లండి, వాళ్లు చెప్పేటప్పుడు అడ్డం పడకండి. కిందటిసారి డాక్టరు, "అనుమానాలేమైనా ఉన్నాయా?" అని అడిగారు. లేవన్నాను. సువార్తమ్మ, "కొద్దిగా ఉన్నాయండి" అంది. డాక్టరు ఆమె చెప్పిందే రాసుకున్నారు. నేను అడ్డం పడలేదు.