పట్టుకునే మావ

టెక్కలి నుంచి డాక్టరు గారు ఫోన్ చేసి, మావ పోయాడమ్మా అన్నారు. ఏ మావ అని నేను అడగలేదు. మా వైపు వరస కలిసినా కలవకపోయినా మగాళ్ళందరూ మావలూ బావలే, కానీ డాక్టరు గారి నోట మావ అంటే ఒక్కడే. భావనపాడులో సొంత ఇంట్లో, నిద్రలోనే పోయాడట. వినగానే నాకు ముందు కలిగింది ఊరట. అన్ని దెబ్బలు తిన్న మనిషి ఎవరి చేతి దెబ్బకీ కాకుండా పోయాడు కదా అనుకున్నాను. ఏడుపు తరవాత వచ్చింది. బాగానే వచ్చింది.

ఆయన ఉద్యోగం ఏమిటో చెప్తే మీరు నవ్వుతారు. టెక్కలి బస్టాండు వెనక డాక్టరు గారు ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుని మత్తు అలవాటున్న వాళ్ళకి వైద్యం చేసేవారు. సారా వాళ్ళు, గంజాయి వాళ్ళు, సూదుల వాళ్ళు అక్కడికొచ్చేవారు. అలవాటైన మత్తు ఒంటికి అందకపోతే కొందరు మనుషుల్లా ఉండరు. తలుపులు విరగ్గొడతారు, కన్నతల్లి పీక పట్టుకుంటారు. మందులివ్వడం డాక్టరు గారి వంతు. అలాంటి వాణ్ణి పట్టుకోవడం మావ వంతు. అదీ ఉద్యోగం.

అంతకు ముందు ఆయన సముద్రంలో వలలు లాగినవాడు. ఒక్కో చెయ్యి ఒక్కో తెడ్డంత ఉండేది. పట్టుకోవడానికి ఆయనకో పద్ధతుంది. ముందు చొక్కా విప్పేసేవాడు, కాలరు దొరికితే పీక బిగిస్తారని. గోళ్ళు ఎప్పటికప్పుడు తీసేసుకునేవాడు, తనవి వాళ్ళకి గీరుకోకూడదని. వెనక నుంచి రెండు చేతులూ చుట్టేసి, గోడకి ఆనుకుని కూలబడి, పసిపిల్లాణ్ణి ఒళ్ళో వేసుకున్నట్టు వేసుకుని, కాళ్ళ మీద కాళ్ళు వేసేసేవాడు. ఇక వాడు తన్నినా, కరిచినా, అమ్మనా బూతులు తిట్టినా వదిలేవాడు కాదు. తిరిగి ఒక్క దెబ్బ వేసేవాడు కూడా కాదు.

వాళ్ళు తల వెనక్కి విసిరి మూతి మీద కొట్టేవారు. అందుకని మావకి ముందు పళ్ళు సగం లేవు. కొత్తగా వచ్చిన వాళ్ళకి నోరు తెరిచి మరీ చూపించేవాడు, ఈ పన్ను కోటబొమ్మాళోడిది, ఈ రెండూ నౌపడోడివి, ఆడిప్పుడు ఉప్పుమళ్ళల్లో మేస్త్రీ అని. పోయిన పళ్ళని చూసి అంత గర్వపడే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. వాటిలో ఒకటి మా ఇంటిది. దాని సంగతే చెప్పబోతున్నాను.

డాక్టరు గారి పెంకుటింట్లో తాడు ఉండకూడదు. బట్టలు ఆరేసుకోవడానికి కూడా తీగే కట్టించాడు. ఎందుకు మావా అంటే ఒకసారి చెప్పాడు. వాళ్ళ అన్న తాగుబోతు. తాగుడు మానిపిస్తామని ఇంట్లో వాళ్ళు పడవ తాడుతో స్తంభానికి కట్టేశారు. ఏళ్ళ తరబడి తాగిన ఒంటికి ఒక్కసారిగా సారా ఆపేస్తే ఫిట్స్ వస్తాయని వాళ్ళకి తెలీదు. కొట్టుకుంటుంటే నాటకాలని ఇంకో చుట్టు బిగించారట. ఆ బిగించిన చేతులు మావవే. తెల్లారేసరికి అన్న లేడు. ఇది చెప్పి మావ లేచి వెళ్ళి మొహం కడుక్కొచ్చాడు. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇక మా ఇంటి సంగతి. రెండువేల సంవత్సరం వచ్చేస్తోందని అందరూ గోల చేస్తున్న రోజులు. మాది ఉద్దానంలో జీడితోటల మధ్య ఊరు. తమ్ముడు పలాస నుంచి జీడిపప్పు లారీ తోలేవాడు. యాక్సిడెంటులో కాలు విరిగింది. నొప్పి తగ్గడానికి ఒకాయన ఇంజెక్షన్ ఇచ్చాడు. కాలు అతుక్కుంది, ఇంజెక్షన్ మాత్రం వదల్లేదు. వాడే పొడుచుకోవడం నేర్చుకున్నాడు.

ఊరంతా ఒకటే సలహా, నాలుగు తగిలిస్తే అదే వదుల్తుందని. మా నాన్న నాలుగుతో ఆపలేదు. కర్రతో కొట్టాడు, బెల్టుతో కొట్టాడు. చివరికి జీడినూనె రాశాడు. జీడిపిక్క తొక్కలోంచి కారే ఆ నూనె తగిలితే చర్మం కాలిపోతుంది, పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూడండి తెలుస్తుంది. సూది గుచ్చుకునే చోటు లేకుండా చేస్తానని, బాబాయిలు అదిమి పట్టుకుంటే నాన్న వాడి రెండు చేతులకీ అది పూశాడు. వాడి కేకలకి పక్కింటి వాళ్ళు తలుపులేసుకున్నారు. చేతులు బొబ్బలెక్కి చీము పట్టాయి. వాడు కాళ్ళకి పొడుచుకోవడం మొదలెట్టాడు. చూశారా మన వైద్యం!

ఆ తరవాత ఒక పొద్దున్న అమ్మ సూది దాచేసిందని వాడు రోకలెత్తి కొట్టాడు. అమ్మ కుడి మణికట్టు విరిగింది. ఆ మధ్యాహ్నమే వాణ్ణి జీపులో పడేసి టెక్కలి తీసుకెళ్ళాం. గంజి కాచి పెట్టడానికి నేను అక్కడే ఉండిపోయాను.

డాక్టరు గారి మాత్రలతో కొంత తగ్గింది గానీ, వాడి ఒళ్ళంతా చెమట, వాంతులు, కాళ్ళలో ఆగని వణుకు. గోడకేసి తల బాదుకున్నాడు. మావ పట్టుకుంటే ముంజేయి కండ ఊడేలా కరిచాడు. రక్తం కారుతుంటే మావ వాడి చెవిలో ఒకటే అంటున్నాడు. "కరుసుకో. నానేటీ అనుకోను. ఎల్లిపోకు, అంతే."

మూడో రోజు మధ్యాహ్నం నాన్న వచ్చాడు. ఇంటి దగ్గర అమ్మకి అన్నం కలిపి తినిపిస్తూ, తినిపిస్తూ, కంచం వదిలేసి బస్సెక్కాడట. చేతిలో తువ్వాలు చుట్టిన కొబ్బరిగెలలు నరికే కత్తి. నేను అడ్డం వెళితే తోసేశాడు. గుమ్మం తగిలి నా నుదురు చిట్లింది, కళ్ళు తిరిగి పడ్డాను. మావ తమ్ముణ్ణి వదిలి ఒక్క ఉదుటున లేచాడు. కత్తి ఆయన భుజం మీద గీసుకుపోయింది. అయినా నాన్నని వెనక నుంచి చుట్టేసి, అదే గోడకి, అదే పద్ధతిలో కూలబడ్డాడు. కత్తి జారి కింద పడింది.

"ఒగ్గీ నన్ను. తల్లి సెయ్యి ఇరగ్గొట్టినోడు నాకొద్దు. నరికేత్తాను."

"నరుకుదువులే బావా. ముందు కూకో."

నాన్న తల వెనక్కి విసిరాడు. పన్ను విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మావ వదల్లేదు. నాన్న తన్నుకుని తన్నుకుని, ఒక్కసారిగా గొంతు పగిలి, దానికి నానే అన్నం పెడతన్నానురా, ముద్ద దిగక ఏడుత్తందిరా అంటూ ఆయన ఒళ్ళో ఏడ్చాడు. మా నాన్న ఏడవగా నేను చూడటం అదే మొదలు.

అప్పుడు తమ్ముడు వంగి కత్తి తీసుకున్నాడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. సందు చివర సూదిమందు దొరికే మందుల షాపు. డాక్టరు గారు బయటికెళ్ళారు, ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను లేవలేకపోతున్నాను. వాడు నాన్నని చూశాడు, వీధిని చూశాడు. వాడి మొహంలో ఆ రెండు కోరికలూ నాకు కనిపించాయి.

మావ మూతంతా రక్తం. కసరలేదు, బతిమాలలేదు.

"నా సేతులు కాళీ నేవురా. నిన్ను నువ్వే పట్టుకోవాల."

ఆ మాట తమ్ముడు తరవాత చాలాసార్లు తనకి తనే చెప్పుకున్నాడు, మధ్యలో ఒకసారి మళ్ళీ జారిపోయి, ఎవరూ తీసుకెళ్ళకుండా టెక్కలి బస్సెక్కిన రోజుతో సహా. ఆ మధ్యాహ్నం మాత్రం వాడు కత్తిని చూరులోకి దోపాడు. గోడ పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచాడు. తలుపు మూసి, లోపల గడియ వేసి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. వాడి ఒంటి వణుకుకి ఆ గడియ టకటకా కొట్టుకుంటూనే ఉంది. సాయంత్రం డాక్టరు గారు వచ్చి బయట నుంచి పిలిచేదాకా వాడు అక్కణ్ణుంచి లేవలేదు.