ఇరవై క్యారేజీల గోంగూర పప్పు

డిగ్రీ పట్టా చేతికొచ్చిన మొదటి ఏడాది మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకూ ఉండేది కాదు. బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసై, విజయవాడలో ఒక ట్యుటోరియల్ కాలేజీ ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. (పేరు చూసి పెద్ద ఉద్యోగమనుకునేరు. గాజు గొట్టాలు కడిగి, ఆరబెట్టి, పగిలినవాటికి సంజాయిషీ రాసివ్వడమే పని.) ఉండటం పటమటలో మా పిన్ని ఇంట్లో. పొద్దున్నే పిన్ని కాఫీ ఇస్తే, అందులో ఏయే రసాయనాలున్నాయో ఆవిడకి వివరించి మరీ తాగేవాణ్ణి. ఆవిడ కదలకుండా నిలబడి వినేది. ఎంత శ్రద్ధ అనుకునేవాణ్ణి. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుంటూ నిలబడేదని తర్వాత తెలిసింది.

పిన్ని చేతివంట గురించి మా బంధువుల్లో రెండో మాట లేదు. ఎవరింట్లో ఏ శుభకార్యమైనా ముందురోజే వచ్చి ఆవిణ్ణి తీసుకెళ్ళి వంటింట్లో దింపేవాళ్ళు. ఆఖరి పంక్తి లేచాక ఒక జాకెట్టు ముక్క పెట్టి, "నీ చేతిలో ఏదో ఉందమ్మా" అని పంపేసేవాళ్ళు. అలా బీరువాలో ఒక అర నిండా జాకెట్టు ముక్కలు పోగయ్యాక, ఇదే వంట క్యారేజీలు కట్టి పంపితే ఇల్లు గడుస్తుంది కదా అని పిన్నికి తోచింది. తోచకేం చేస్తుంది? బాబాయి పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడి ఆర్నెల్లయింది. అప్పట్నించీ ఆయన వాలుకుర్చీలో కూర్చుని వంశ ప్రతిష్ఠ కాపాడుతున్నారు. ఊళ్ళోవాళ్ళకి మనం వండిపెట్టడమేమిటని వారం రోజులు వాదించారు (వాదించేటప్పుడు పిన్ని వేసిన బజ్జీలు తింటూనే). చివరికి పెద్ద మనసు చేసుకుని ఒకే ఒక్క ఆర్డరుకి ఒప్పుకున్నారు. అది బెడిసికొడితే మళ్ళీ క్యారేజీల ఊసెత్తకూడదని షరతు.

ఆ ఒక్క ఆర్డరూ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డు నుంచి వచ్చింది. షెడ్డు యజమానిని అందరూ పెద్ద మేస్త్రీ గారనేవారు. తెల్లటి గడ్డం, తలమీద టోపీ, చేతిలో ఎప్పుడూ కొలత టేపు. ఆయన దగ్గర ఇరవై మంది పనివాళ్ళు హోటలు భోజనంతో కడుపులు పాడుచేసుకుంటున్నారట. సోమవారం మధ్యాహ్నం ఒక్క పూట పంపించమనీ, మావాళ్ళకి నచ్చితే రోజూ మీ దగ్గరే తీసుకుంటామనీ కబురుచేశారు. పిన్ని వన్ టౌన్ వెళ్ళి ఇరవై స్టీలు క్యారేజీలు తెచ్చింది. వాటికోసం చెవి దుద్దులు తాకట్టు పెట్టిన సంగతి ఇంట్లో ఎవరూ చూడనట్టు నటించాం. గోంగూర పప్పు, దొండకాయ వేపుడు, చారు, పెరుగు. పప్పు మీదే పందెం. ఆవిడ గోంగూర పప్పు తిన్నవాడు రెండోసారి అడక్కుండా లేచిన దాఖలా లేదు.

సోమవారం నేను కాలేజీకి సెలవు పెట్టాను. పొద్దున పప్పు పొయ్యెక్కించాక చూస్తే రెండు క్యారేజీలకి గొళ్ళెం పడటం లేదు. దార్లో ఊడిపోతే పరువు పోతుందని, మార్చుకురావడానికి పిన్ని ఆటో ఎక్కింది. వెళ్తూ వెళ్తూ నాకు మూడు ముక్కలు చెప్పింది. పప్పు బాగా మెదిగాకే గోంగూర వెయ్యాలి. మన బోరు నీళ్ళకి పప్పు సరిగ్గా ఉడకదు కాబట్టి మొదట్లోనే చిటికెడు వంట సోడా వెయ్యాలి. చిటికెడంటే చిటికెడే. నేను జాలిగా నవ్వాను. సోడియం బైకార్బొనేటు గురించి నాకు చెబుతోంది, పాపం.

ఆవిడ గడప దాటగానే వంటిల్లు ల్యాబుగా మారిపోయింది. పప్పు మెదిగేదాకా ఆగి, ఆ తర్వాత ఆకు వేసి, అది మగ్గేదాకా మళ్ళీ ఆగడం ఎంత టైము దండగ! రెండూ ఒకేసారి ఉడికిస్తే సరి. గోంగూరంతా డేగిసాలో గుమ్మరించాను. సోడా సంగతి అప్పటికే మర్చిపోయాను. ముప్పావుగంట గడిచింది. పప్పు బద్ద బద్దగా గులకరాళ్ళలా ఉంది. పులుపు తగిలితే పప్పు ఉడకదని మా వీధి చివర పాల ప్యాకెట్లు వేసే ఆవిడకి కూడా తెలుసు. ఫస్ట్ క్లాసు వాడికి తెలియాల్సిన అవసరం ఏముంది? అప్పుడు సోడా గుర్తొచ్చింది. చిటికెడన్నది ఏ కొలతల పట్టికలోనూ లేదు. ఇంట్లో పావుకేజీ పప్పుకి చిటికెడైతే రెండు కేజీలకి ఎనిమిది చిటికెలు. ఎవరి చిటికెడు? నా వేళ్ళు సన్నం కాబట్టి పది. పది చిటికెలు లెక్కపెట్టే ఓపిక లేక ఒక చెంచా. ఆలస్యమైంది కాబట్టి ఇంకో చెంచా. డబ్బాలో అడుగున మిగిలింది ఎందుకని, అదీ.

డేగిసా బుస్సుమని లేచింది. ఆకుపచ్చ నురగ అంచులు దాటి పొయ్యి మీదికి, గట్టు మీదికి, అక్కడినుంచి నా కాళ్ళ మీదికి దిగింది. పులుపు ఆమ్లం, సోడా క్షారం, రెండూ కలిస్తే గాలి పుడుతుంది. ఇది నేను పిల్లలకి వారంలో మూడుసార్లు చేసి చూపించే ప్రయోగమే. ఆ గాలితోపాటు పులుపు కూడా ఇల్లు విడిచిపోతుందన్న సంగతి మాత్రం ఆ క్షణంలో నాకు తట్టలేదు. నురగ తగ్గాక చూస్తే పప్పు వెన్నలా మెదిగింది! ఆకు నిగనిగలాడే పచ్చరంగులో ఉంది. ఇంత పచ్చటి గోంగూర పిన్ని జన్మలో వండి ఉండదని పొంగిపోయాను. తర్వాత పసుపు వేశాను. పసుపు సోడాకి తగిలి పారాణి రంగుకి తిరిగింది. పచ్చా ఎరుపూ కలిసి ఏ రంగయిందో చెప్పడానికి తెలుగులో మాట లేదు. ఆటోనగర్లో ఉందేమో. పోయిన పులుపు రప్పిద్దామని చింతపండు రసం పోశాను. మళ్ళీ బుస్సు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ రోజు స్పష్టంగా తెలిసింది, కాకపోతే నేను పట్టుకున్నది గోంగూర ఆకులు.

ఇంతా జరిగాక ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఉంటే కథ అక్కడే ఆగేది. కానీ మా ఇంట్లో ఒకరికి పెట్టబోయే వంటని ముందు మనం నోట పెట్టం. ఎంగిలవుతుంది. పిన్ని ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పగలదు. అందులో ఇది మొదటి ఆర్డరు, దేవుడికి చూపించి పంపేది. మిగతా అన్ని నియమాలూ మీరిన నేను ఆ ఒక్కటి మాత్రం మహా నిష్ఠగా పాటించాను. పిన్ని వచ్చేసరికి పోపు పెట్టేసి ఉంచాను. బయట ఆటో హారను కొడుతోంది, టైము పన్నెండున్నర. గబగబా సర్దుతూ ఆవిడ ఒక్క క్షణం ఆగింది.

"ఏంట్రా, అదోలాంటి వాసన?"

"కొత్త క్యారేజీల వాసన పిన్నీ," అన్నాను.

ఆవిడ నమ్మింది. నామీద నమ్మకం కాదు, నమ్మకపోతే చెయ్యగలిగింది ఏమీ లేక.

రెండింటికి ఫోనొచ్చింది. పిన్ని చాలాసేపు విన్నది. తర్వాత మెల్లగా, "తప్పు నాదేనండి, చెయ్యి జారింది, ఏమీ అనుకోకండి," అని పెట్టేసింది. నావైపు చూడలేదు. డేగిసా అడుగున మిగిలినదాంట్లో వేలు ముంచి, అప్పుడు నోట్లో వేసుకుంది. సబ్బు నమిలినట్టు మొహం పెట్టలేదు. అది నాకింకా కష్టమనిపించింది. వాలుకుర్చీలోంచి బాబాయి, "నేను ముందే చెప్పాను," అన్నారు. ఆయన ముందు చెప్పనిదంటూ ఈ లోకంలో ఏదీ జరగదు. పిన్ని డేగిసా తోముతూ, జాకెట్టు ముక్కలు ఎవరికైనా ఇచ్చెయ్యాలి, ఊరికే పడున్నాయి అంది. క్యారేజీల ఊసు ఇక అక్కడితో ఆఖరని అర్థమైంది. ఆవిడ తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! తిట్టే అలవాటు లేనివాళ్ళతో ఇదే చిక్కు.

సాయంత్రం సైకిలు వేసుకుని ఆటోనగర్ వెళ్ళాను. షెడ్డు గుమ్మంలో ఇరవై క్యారేజీలు వరసగా బోర్లించి ఉన్నాయి. పెద్ద మేస్త్రీ గారు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించారు. నేను మొత్తం చెప్పేశాను, గోంగూర ముందు వెయ్యడం నుంచి కొత్త క్యారేజీల వాసన దాకా. వెల్డింగు చేసేవాళ్ళు కూడా పని ఆపి విన్నారు. ఏం చదువుకున్నారని మేస్త్రీ గారు అడిగారు. చెప్పాను. అప్పుడు మాత్రం వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక బయటికి పోయారు.

"గోంగూర మా ఇళ్ళలో కూడా వండుతారు బాబూ," అన్నారు మేస్త్రీ గారు. "మాంసంలో వేస్తాం, రొయ్యల్లో వేస్తాం. ఇన్నేళ్ళలో దాని పులుపు తీసేద్దామని ఎవరికీ తోచలేదు. మీకు తోచింది. చదువు చదువేనండీ."

"మా పిన్ని తప్పేం లేదండి. ఇంకొక్కసారి..."

"రేపు మళ్ళీ గోంగూర పప్పే పంపమనండి. కాకపోతే క్యారేజీలు మీరే తేవాలి. మా అందరి ముందూ మొదటి ముద్ద మీరే తినాలి. మీరు తిన్నాక పావుగంట చూసి మేం తింటాం."

ఎంగిలి, నియమం అని గొణిగాను. అల్లా సాక్షిగా తమకేమీ అభ్యంతరం లేదన్నారు. లేచేటప్పుడు ఒక క్యారేజీ తీసి లోపల చూపించారు. కొత్తగా కొన్నదానికన్నా తళతళలాడుతోంది. పప్పు సంగతి ఎలా ఉన్నా, గిన్నెలు తోముకునే శ్రమ తప్పిందని తమ కుర్రాళ్ళు సంతోషించారట.

మర్నాడు పిన్ని వండింది, నేను మోశాను. ఇరవై మంది చుట్టూ నిలబడి నన్ను చూస్తుండగా మొదటి ముద్ద తిన్నాను. పులుపు దవడల్లోకి దిగి కళ్ళు మూతలు పడ్డాయి. పావుగంట కాదు, పావు నిమిషం కూడా ఎవరూ ఆగలేదు. ఆ తర్వాత రెండేళ్ళు, నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చేదాకా, రోజూ ఆ షెడ్డులో మొదటి ముద్ద నాదే. ఆటోనగర్లో నాకు సోడా మాస్టారని పేరు స్థిరపడింది. నా సర్టిఫికెట్లలో ఉన్న పేరుతో అక్కడ ఎవరూ పిలవలేదు. ఇరవై క్యారేజీలు అరవై అయ్యాయి. దుద్దులు తిరిగొచ్చాయి. బాబాయి వాలుకుర్చీ అమ్మేసి ఆర్డర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. ఇదంతా తన ఆలోచనేనని ఇప్పటికీ చెబుతుంటారు.

ఒకసారి ల్యాబులోంచి చిన్న తూకం తెచ్చి పిన్ని చిటికెడు ఎంతో తూచి చూశాను. వారం రోజులు తూచాను. ఏ రోజుకారోజు వేరు. నీళ్ళని బట్టి, పప్పు పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి ఆ రెండు వేళ్ళకే ఏదో తెలుస్తుంది. పప్పు మాత్రం రోజూ ఒకేలా కుదిరింది. ఆ కాగితం చాన్నాళ్ళు దాచాను, ఎవరికీ చూపించలేదు. చూపిస్తే నా పట్టా వెనక్కి అడుగుతారని భయం.

ఇప్పుడు నేను పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న మాస్టార్ని. ఆమ్లమూ క్షారమూ వచ్చిన రోజున గోంగూర ఉదాహరణ చెబుతాను, వండినవాడెవరో చెప్పను. మొన్న ఆదివారం పిన్ని మా ఇంటికొచ్చింది. వేళ్ళ కణుపులు వాచి చిటికె పట్టడం లేదావిడకి. పొయ్యి మీద పప్పు ఉంది. సోడా డబ్బా నావైపు జరిపి, "నువ్వు వెయ్యరా," అంది. ఆనాటి తర్వాత ఆ డబ్బా ఆవిడ నా చేతికివ్వడం అదే మొదటిసారి. చిటికెడు తీసి, అందులో సగం మళ్ళీ డబ్బాలోనే రాల్చి, మిగిలింది వేశాను. పప్పు మెదిగాకే గోంగూర వేశాను. వడ్డించాక ఆవిడ తినబోతుందని ఎదురుగా కూర్చుని ఆత్రంగా చూస్తున్నాను. ఆవిడ ముద్ద కలిపి, కంచం మీదుగా చెయ్యి చాపి నా నోటి దగ్గర పెట్టింది.

"ముందు నువ్వు తిను."

తిన్నాను. పులుపు ఉంది. ఆవిడ నా మొహంలోకి చూసింది, పావుగంట ఆగలేదు.