అగ్గిపెట్టెంత తెర మీద మా అక్షరాలు

మా మనవరాలి కీబోర్డుకు ఒక తెర ఉంది. ఆ తెరకు తెలుగు రాదు.

ఇంగ్లీషు వస్తుంది. చైనా రాత వస్తుంది. జపాను రాత వస్తుంది. అరబ్బీ అయితే కుడి నుంచి ఎడమకు దర్జాగా నడిచి మరీ వస్తుంది. నవ్వే మొహం, ఏడ్చే మొహం, కన్ను కొట్టే మొహం, నిప్పులు కక్కే పాము, అన్నీ వస్తాయి. తెలుగులో ఏం కొట్టినా మాత్రం వరసగా ఖాళీ గళ్ళు వస్తాయి. ఇది అన్యాయం. ముందు ఈ మాట ఒకటి అనేసి, తర్వాత మిగతా సంగతి చెబుతాను.

మాది గద్వాల. నేను బడికి పోలేదు. పట్టు నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత పేపర్లే నా బడి. అందుకే నా చదువు అక్కడక్కడా చిరిగి ఉంటుంది. వనపర్తి బస్సులో ఒక దొంగ దొరికాడని చిన్నప్పుడు చదివాను. వాడు ఏం దొంగిలించాడన్నది వేరే కట్టకు చుట్టుకుని వేరే ఇంటికి పోయింది. ఇప్పటికీ ఆ బస్సెక్కితే అదే ఆలోచన.

మగ్గం మీద కంటే గ్రాఫు కాగితం మీద నాకు చెయ్యి బాగా తిరిగింది. చీర అంచుకు హంస కావాలన్నా, కొంగు మీద మామిడి పిందె కావాలన్నా, ముందు ఆ బొమ్మను గ్రాఫు మీద గడి గడిగా ఎర్ర పెన్సిలుతో నింపాలి. దాన్ని చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గానికి ఎక్కితే బొమ్మ బట్టలోకి దిగుతుంది. కొందరు పెళ్ళి చీర కొంగు మీద పిల్ల పేరు కూడా నేయమనేవాళ్ళు. అట్లా నా అక్షరాలు ఎందరి భుజాల మీదో ఊరేగాయి.

నేను నేర్చుకున్నది మా ఆవిడకు నేర్పాను. ఆమె ఇప్పుడు పొద్దున్నే పేపరు నాకంటే ముందు చదివేసి, వార్తలన్నీ నోటితో చెప్పేసి, ఉత్త కాగితం నా చేతికిస్తుంది. ఆమెకు చదవడం వచ్చు. ఈ సంగతి మీరు గుర్తు పెట్టుకోవాలి. కంపెనీకి కూడా ఇదే రాశాను.

తెలుగు రాని మిషన్లతో నా పోరు ఈనాటిది కాదు. బస్సులో టికెట్టు మిషను వచ్చిన కొత్తలో, ఊరి పేరు తెలుగులో ఎందుకు లేదని కండక్టరుతో వాదనకు దిగి, నేను దిగాల్సిన చోటు దాటి డిపో దాకా పోయాను. నాతో పాటు, ఎవరు గెలుస్తారో చూద్దామని ఇంకో ఇద్దరు కూడా దిగకుండా వచ్చారు.

ఇక మా మనవరాలు. మా కూతురి కూతురు. వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అక్కడ ఆటలు ఆడనివ్వరు కాబట్టి శనివారం సాయంత్రానికి మా ఇంట్లో దిగుతుంది. మగ్గం తీసేసిన గదిలో తన కంప్యూటరు పెట్టుకుంది. ఆట ఏమిటంటే, రెండు జట్లు, రెండు కోటలు. మన కోట కాపాడుకుంటూ అవతలి కోట కూల్చాలి. గద్వాల కోట నీడన పెరిగినవాడిని, నాకు ఆ మాత్రం తెలియదా? ఆమె జట్టులో అందరూ ఆడపిల్లలే. నాయకురాలు నాగర్‌కర్నూల్ పిల్ల. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, చెవులకు గిన్నెల్లాంటివి తగిలించుకుని, ఒకరినొకరు కేకలేసుకుంటూ ఆడతారు.

ఆ కీబోర్డును చూస్తే నాకే ముచ్చటేసింది. మీటల కింద రంగురంగుల దీపాలు. నొక్కితే టకటకా చప్పుడు. కుడిచేతి మూల అగ్గిపెట్టెంత తెర, పక్కన తిప్పడానికి ఒక బిళ్ళ. ఆ తెరలో ఒక పిల్లి ఎప్పుడూ పరుగెడుతూ ఉంటుంది, ఎక్కడికీ పోదు. బిళ్ళ తిప్పితే పిల్లి పోయి మనం రాసిపెట్టుకున్న మాట వస్తుంది.

మనవరాలికి ఆ మాటతో పనిబడింది. చెవులకు గిన్నెలుంటే అవ్వ, అంటే మా ఆవిడ, పిలిచినా వినపడదు. ఆట మధ్యలో తల తిప్పితే కోట పోతుంది. అందుకని, గదిలోకి వచ్చిన అవ్వ చదువుకుని పోతుందని, "ఆట నడుస్తుంది, పిలవొద్దు" అని తెలుగులో కొట్టింది. కొట్టి, ఎట్లా వచ్చిందో చూసుకోకుండా ఆటలో పడింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ జొన్నరొట్టె పళ్ళెంతో గదిలోకి వచ్చింది. తెర వైపు చూసింది. గళ్ళు. వానొస్తే మా టీవీలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతుంది. అప్పుడు ఆమె చేసే వైద్యం ఒక్కటే. ఇక్కడా అదే చేసింది. గోడకున్న స్విచ్చు ఆపి, కాసేపు ఆగి, మళ్ళీ వేసింది.

"అవ్వా!" అన్న కేక మా వీధి చివరికి వినపడింది.

"ఏందే గట్ల ఒర్లుతవ్? నీ మిషన్ ఖరాబైంది. గళ్ళొస్తుండె. బాగు చేసిన" అంది మా ఆవిడ.

"ఖరాబు గాలె అవ్వా! అది తెలుగు!"

"తెలుగైతె నాకు తెల్వదా? నేను సదువుత గద! గది తెలుగెట్లైతది?"

ఆమె మాటలో తప్పేముంది? ఈలోగా మనవరాలి కోట కూలింది, ఆట పోయింది. నాగర్‌కర్నూల్ పిల్ల ఫోనులో మనవరాలికి గట్టిగా చెప్పింది, నాకూ వినపడింది.

"సూడు, వచ్చే ఆదివారం ఫైనలున్నది. మళ్ళ మీ అవ్వ స్విచ్చు బందు జేస్తె నిన్ను టీంలకెళ్ళి తీసేస్తం. మానవపాడు పిల్ల రెడీగున్నది."

మనవరాలు కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మా ఆవిడ రొట్టె పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. ఆ పిల్ల తినదు, ఈమె కదలదు. తప్పు వీళ్ళిద్దరిలో ఎవరిదీ కాదు. తెరది. నాకు ఒళ్ళు మండింది. ఫోను తీసుకుని కంపెనీకి రాశాను. "నా భార్యకు చదవడం వచ్చు. మీ తెరకే రాయడం రాదు. నేర్పించండి" అని. మనవరాలు కళ్ళు తుడుచుకుని దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపింది.

జవాబు వెంటనే వచ్చింది. కీబోర్డు ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడండి, అని.

మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నేను జేసింది గదే గద! కంపెనోళ్ళు గూడ గదే జెప్తుండ్రు. నా మీదనే ఒర్లితిరి."

మళ్ళీ రాశాను. ఈసారి కాస్త కారం కలిపాను. జవాబు వచ్చింది. ఆ లిపి మా తెరకు లేదు, కావాలంటే బొమ్మ ఏదైనా పెట్టుకోవచ్చు, అని.

"బొమ్మ అంటే ఏంది బిడ్డా?" అన్నాను.

"గీ పిల్లి లెక్క తాతా. ఏ బొమ్మైన ఎక్కియ్యొచ్చు." అని కంప్యూటరులో ఆ పిల్లిని పెద్దది చేసి చూపించింది. ఇంకా పెద్దది చేసింది. పిల్లి పోయి తోక మిగిలింది. తోక పోయి గళ్ళు మిగిలాయి. నల్ల గడి, తెల్ల గడి, నల్ల గడి.

నేను లేచి నిలబడ్డాను. "ఇది గ్రాఫు!" అన్నాను.

"అవ్ తాతా, గట్లనే ఉంటది."

"ఇది నా పని గదనే పిచ్చిదానా!" అని గది అంతా తిరిగాను. ఈ వయసులో గంతులేయకూడదని దవాఖానలో చెప్పారు. అప్పుడు వాళ్ళు ఈ పిల్లి తోక చూడలేదు.

సోమవారం పొద్దున మనవరాలు వనపర్తి బస్సెక్కింది. నేను అటక మీది పాత గ్రాఫు కాగితాలు దించాను. ఏం రాయాలన్న దగ్గర మా ఆవిడతో పెద్ద పంచాయితీ.

"పిలవొద్దు అంటె ఏంది? ఇంటికొచ్చిన కుక్కనన్న గట్లంటరా? మంచిగ రాయి. అవ్వా, ఆడుతున్న, జర ఆగు, అని రాయి."

"సరే."

"అన్నం తిన్నదా లేదా గది గూడ రాయి. నాకు గదే గావాలె."

అట్లా రెండు బొమ్మలు తేలాయి. ఒకటి "అవ్వా, ఆడుతున్న, జర ఆగు". రెండోది "తిన్న". ఎర్ర పెన్సిలు పట్టుకునేసరికి చెయ్యి పాతికేళ్ళ కుర్రాడిదైపోయింది. ఆ రెండూ అయ్యాక ఊరికే కూర్చోలేక, అ నుంచి మొదలుపెట్టి ఒక్కో అక్షరం గీస్తూ పోయాను. గుణింతాలు, ఒత్తులు, అన్నీ. టీ తాగడానికి వచ్చిన మా పాత మగ్గం దోస్తు చూసి, "ఎవ్వరి పెండ్లి?" అన్నాడు. "తెలుగుది" అన్నాను. "పిల్లగాడు ఎవ్వరు?" అన్నాడు. "కీబోర్డు" అన్నాను. వాడు టీ సగంలో పెట్టి నా మొహం వంక చూశాడు.

గురువారానికల్లా పని పూర్తయింది. మా ఆవిడకు ఒక్కో కాగితం చూపించాను. "నీ కాగితాలు ఎప్పటి లెక్కనే ఉన్నయి, మంచిగున్నయి" అంది. ఇక ఆగలేదు. ఆ అక్షరాల కాగితాలన్నిటికీ ఫోనులో ఫోటోలు తీసి, "మీకు లేవన్నారు కదా, ఇవిగో" అని రాసి, నా చేత్తో నేనే కంపెనీకి పంపాను.

శనివారం సాయంత్రం మనవరాలు వచ్చి, నా రెండు బొమ్మలు చూసి కంప్యూటరులో గళ్ళు నింపింది. నింపుతుండగానే ఏదో అనుమానంగా నా వైపు చూసింది. బిళ్ళ తిప్పింది. పిల్లి పోయి నా అక్షరాలు వెలిగాయి.

అన్నీ అటు తిరిగి ఉన్నాయి.

మా మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది. నేసేవాడికి కనబడేది వెనక వైపు. అందుకని పేరు నేయాలంటే గ్రాఫు మీద అక్షరాన్ని కుడి ఎడమలు తిప్పి గీయాలి. జీవితమంతా తిప్పి గీసిన చెయ్యి, ఎవరూ చెప్పకుండానే తిప్పి గీసింది. జీవితమంతా నా కాగితాలు చూసిన ఆవిడ, మంచిగున్నయి అంది. ఇంట్లో ఒక్కరికైనా వింతగా అనిపించలేదు.

మనవరాలు నేల మీద పడి దొర్లి నవ్వింది. మా ఆవిడ గోడ మీది అద్దం తెచ్చి తెర పక్కన పెట్టి, అందులో చూసి గడగడా చదివేసింది.

"నేను రోజు అద్దం దెచ్చుకుంట. మార్చకుర్రి, పాపం, తాత కష్టపడి గీసిండు" అంది.

"అద్దమెందుకవ్వా?" అని మనవరాలు ఒక మీట నొక్కింది. అక్షరాలన్నీ గిర్రున ఇటు తిరిగి సరిగ్గా నిలబడ్డాయి. ఒక్క మీట! మా నాన్న నా చెవి మెలేసి నేర్పిన విద్య, ఒక్క మీట! కోపం రావాలి. రాలేదు. "ఇంకోపారి నొక్కు" అన్నాను. అటు తిరిగాయి. "ఇంకోపారి." ఇటు తిరిగాయి. మా ఆవిడ కూడా నొక్కింది. పిల్ల బువ్వ తినే వేళ దాటేదాకా ముగ్గురం అదే పని.

మర్నాడు ఫైనలు. మా ఆవిడ మజ్జిగ గ్లాసుతో గదిలోకి వచ్చింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె వంగి, తెర మీద వేలు పెట్టి, పేపరు చదివినట్టు గట్టిగా చదివింది. "అవ్వా... ఆడుతున్న... జర ఆగు." తర్వాత నెమ్మదిగా అంది. "సరే బిడ్డ. ఆగుత."

మనవరాలి మైకులోంచి ఆ మాటలు జట్టు పిల్లలందరి చెవుల్లో పడ్డాయట. నాగర్‌కర్నూల్ పిల్ల నవ్వు ఆపుకోలేక, "అవ్వ ఆగిందంట, మీరు ఆగకుర్రి, కొట్టుర్రి!" అని అరిచిందట. మా ఆవిడ మజ్జిగ కింద పెట్టి, స్టూలు లాక్కుని, స్విచ్చు బోర్డు కింద వీపు ఆనించి కూర్చుంది.

"ఇటు దిక్కు ఎవ్వరు రావొద్దు. నువ్వు గూడ రాకు" అంది నాతో.

కోట కూలింది. అవతలి వాళ్ళది. ఇంట్లో ముగ్గురం, ఫోనులో మిగతా పిల్లలు, ఒకటే గోల. మనవరాలు అవ్వను స్టూలుతో సహా తిప్పింది. "మానవపాడు పిల్లతోని పనిలేదు, మాకు అవ్వ చాలు" అని నాయకురాలు ఒప్పుకుంది. అప్పుడు మనవరాలు బిళ్ళ తిప్పింది. తెర మీద "తిన్న" అని వచ్చింది.

"అబద్ధాలు. పొద్దట్నుంచి ఏం తినలే. దా" అంది మా ఆవిడ.

ఆ సంతోషంలో కంపెనీ సంగతి నాకు గుర్తే లేదు. చాలా రోజుల తర్వాత, ఒక ఆదివారం రొట్టెలు తింటుండగా నా ఫోను మోగింది, మనవరాలు అందుకుంది. చూసి, దగ్గి, రొట్టె పక్కన పెట్టి, తెలుగులోకి మార్చి చదివి వినిపించింది:

"అయ్యా, మీరు పంపిన అక్షరాల బొమ్మలు అందాయి. ఇంత ఓపికగా ఎవరూ మాకు ఏదీ పంపలేదు. ఒక్క గడి కూడా తేడా రాకుండా అన్నిటినీ తెరకు ఎక్కించాం. అందరి కీబోర్డులకూ పంపే ముందు ఒక్క సందేహం. మీ భాషను కూడా అరబ్బీ లాగా కుడి నుంచి చదవాలా? మాలో ఒకరు మాత్రం అద్దంలో చూడమంటున్నారు. మీ ఇంట్లో చదవడం వచ్చిన ఆవిడ ఉన్నారని రాశారు కదా, దయచేసి ఆమెను అడిగి చెప్పండి."