పంటి కింద గింజ

గోదాము పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా కంది, పెసర గింజల్ని పళ్లతోనే పరీక్షించేవాడు. వచ్చిన ప్రతి బస్తాలోంచి నాలుగు గింజలు తీసి కొరికేవాడు. టక్కున విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే లోపల తడి ఉన్నట్టు. "మా పెద్దాయన దవడ ఉండగా తడి చూసే మిషనెందుకు?" అని బస్తాలు మోసేవాళ్లు గొప్పలు పోయేవారు.

ఆర్నెల్లుగా ఆయన కడుపు మాత్రం మాట వినడం లేదు. మధ్యాహ్నానికల్లా వికారం, మెలిపెట్టే నొప్పి, మరుగుదొడ్డికి పరుగులు. టిఫిన్ డబ్బా తెరవబుద్ధయ్యేది కాదు. పెద్ద జబ్బేమో, ఇక ఈ పని చెయ్యలేనేమో అని లోలోపలే కుమిలిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. అయినా మూటలు మోసే పొడుగాయన అడక్కుండానే రోజూ కుర్చీ తెచ్చి గాలి తగిలేచోట వేసేవాడు. అలాంటివాళ్లని దేవుడే మన పక్కన ఉంచుతాడు.

చివరికి భార్య పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"నేను తిన్నదే ఈయనా తింటారమ్మా. నాకేమో నిక్షేపంగా ఉంది," అంది భార్య. "కాకపోతే ఈయన రోజంతా ఎలుకలాగా బస్తాలు కొరుకుతారు."

డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగింది. "గింజలకి పురుగు పట్టకుండా ఏం చేస్తారు?"

"ఆర్నెల్లుగా కొత్త మందు పొడి చల్లుతున్నామమ్మా..." అంటూనే ఆయన చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"కడగని గింజ మీద ఆ మందు అంటుకునే ఉంటుంది. రోజూ కాస్త కాస్త లోపలికి పోతే కడుపు తిప్పదూ? పరీక్షలు చేయిద్దాం. ఈలోగా కొరకడం మానెయ్యండి."

"కొరక్కపోతే ఇక నేనెందుకమ్మా అక్కడ?"

ఆ గొంతు విని ఆవిడ నవ్వలేదు. "విరిగే చప్పుడు మీకు తెలుసుగా. విరగ్గొట్టడానికి పళ్లే కావాలా?"

మర్నాడు ఆయన దిగులుగా కూర్చుని ఉంటే, సంగతి తెలిసిన పొడుగాయన జేబులోంచి నెయిల్ కట్టరు తీశాడు. "కొత్త దవడ తెచ్చా పెద్దాయనా! దీనికి కడుపు లేదు."

ఆయన మూతికి గుడ్డ కట్టుకుని, గింజని అందులో పెట్టి నొక్కాడు. టక్. ఇంకో బస్తాది నొక్కితే చప్పుడే లేదు. "ఇది తడి. ఎండలో వెయ్యండి," అన్నాడు. యజమాని అనుమానంతో మిషను తెప్పించి చూస్తే, అదీ అదే చెప్పింది.

పరీక్షల్లో పెద్ద జబ్బేమీ లేదని తేలింది. రెండు వారాలకు నొప్పి తగ్గింది. కొనేవాళ్లు వస్తే, "రెండు మూడుసార్లు బాగా కడిగి వండుకోండమ్మా," అని మరీ మరీ చెప్పి పంపేవాడు.

ఒకరోజు పదకొండైనా కాకుండా ఆయన టిఫిన్ డబ్బా మూత తీశాడు.

"ఏంటి పెద్దాయనా, అప్పుడే?" అన్నాడు పొడుగాయన.

"ఆకలేస్తోందిరా!" అన్నాడు, ఏదో శుభవార్త చెప్పినట్టు.