పసుపు పూసిన క్యాసెట్

మా బీరువా అడుగు సొరుగు లాగితే నాకు పసుపు వాసన వస్తుంది. మా అమ్మాయి మేఘనకు రాదట. ఆ పిల్ల ముక్కును నేను నమ్మను. ఆ సొరుగులో, పాత ఫోటోల కవర్ల కింద, అరచేతిలో పట్టేంత బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. టీవీ గేమ్ క్యాసెట్. దాని మీద అతికించిన బొమ్మ సగం ఊడిపోయింది. మిగిలిన సగంలో ఎర్ర కప్ప ఒకటి గెంతబోతూ ఆగిపోయి ఉంటుంది, దాని పక్కన ఉండాల్సిన పచ్చ కప్ప ఎప్పుడో రాలిపోయింది. కింది అంచున, రాగి పళ్లు వరసగా కనిపించే చోట, ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయిన పసుపు మరక ఉంది. గోటితో గీకినా పోదు. పోగొట్టాలని నేను గీకనూ లేదు.

ఈ ఏడు దీపావళికి వారం ముందు మేఘన ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. పండగ సేల్ మొదలైందట, కొనదలుచుకున్న ఆటల పట్టీ ఇరవై మూడుకు చేరిందట, వాళ్ల నాన్న మాత్రం ఒక్కటే అన్నాడట. "రెండు దినాలుగా చూస్తానే ఉండా మా, ఏది తీసుకునేదో తెలియల" అంది. ఆ రెండు రోజులూ ఎవరెవరో ఆడుతూ మాట్లాడే వీడియోలు చూసి చూసి పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి. ఫోను ఇటిమ్మన్నాను. ఆటలు ఎంచే విషయంలో ఈ ఇంట్లో నా అంత అనుభవం ఎవరికీ లేదు. గొప్పకు చెప్పడం కాదు, పదకొండేళ్ల వయసులో నేను టి. నగర్‌లో ఎంచిన ఆటను మించిన ఆటను ఇప్పటిదాకా ఎవరూ ఎంచలేదని నా గట్టి నమ్మకం.

మేము అప్పుడు తొండియార్‌పేటలో ఒక లైన్ ఇంట్లో ఉండేవాళ్లం. ఒకే గోడను పంచుకుంటూ ఆరిళ్లు, వాటి వెనక ఒక చేతిపంపు, పంపు చుట్టూ రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు. మా నాయన హార్బర్‌లో క్రేన్ నడిపేవాడు. ఆ వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పూ డీజిలూ కలిసి ఉండేవి. దీపావళి నెలలో మాత్రం ఆ గాలిని కూడా నూనె వాసన ఓడించేది. ఆరిళ్ల ఆడవాళ్లూ వరండాలో పొయ్యిలు పెట్టుకుని మురుకులు, అధిరసాలు వండేవాళ్లు, ఆ వారమే తప్పకుండా వాన పట్టుకునేది, చెమ్మ తగిలిన టపాసులను మేం ముగ్గు పిండి జల్లెడలో పోసి పొయ్యికి దూరంగా, కానీ కొంచెం వెచ్చ తగిలేటట్టు పెట్టి కాపలా కాసేవాళ్లం. పక్కింట్లో ఏ గిన్నె ఎప్పుడు దించారో మా ముక్కులకు తెలిసిపోయేది.

ఈ హడావిడి అంతటికీ అధికారి మా అవ్వ, నాయన వాళ్లమ్మ. పొట్టిది, గట్టిది, ఆకు వక్క నమలని క్షణం ఉండేది కాదు. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఇంట్లోకి కొత్తగా ఏ వస్తువు వచ్చినా దానికి పసుపు పెట్టనిదే వాడనిచ్చేది కాదు. పండగ బట్టల అంచులకు అందరూ పెడతారు. మా అవ్వ ఫ్యానుకు పెట్టింది, నాయన సైకిలుకు పెట్టింది, నా జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినికి పెట్టింది. మా టీవీ కుడివైపు మూల ఒక పచ్చటి బొట్టు, ఆ టీవీని పాత సామాన్లవాడికి ఇచ్చేసిన రోజు వరకూ అలాగే ఉంది.

టీవీ గేమ్ పెట్టె అంతకుముందు దీపావళికి వచ్చింది, ఒకే ఒక క్యాసెట్‌తో. ఏడాది తిరిగేసరికి ఆ క్యాసెట్‌లోని ఆటలను నేనూ మా చెల్లెలు సుజీ కళ్లు మూసుకుని గెలిచే స్థితికి వచ్చాం. మా వీధిలో ఇంకో నాలుగిళ్లలో గేమ్ ఉండేది, వాళ్ల మధ్య ఒక కట్టుబాటు ఉండేది: నా దగ్గర లేని క్యాసెట్ నువ్విస్తేనే నాది నీకిస్తాను. మా క్యాసెట్ అందరి దగ్గరా ఉన్నదే. అందుకని మమ్మల్ని ఎవరూ ఖాతరు చేసేవాళ్లు కాదు. ఆ ఏడు నాయన ఒక క్యాసెట్ కొనిపెడతానన్నాడు. "ఒగటే. ఇద్దరూ కొట్లాడుకున్నారంటే అదీ లేదు" అన్నాడు. సుజీ తొమ్మిదేళ్లది, ఎంపిక నాకు వదిలేసింది గానీ షరతు పెట్టింది. నేను ఎంచింది బాగా లేకపోతే ఇక మీదట ప్రతి దీపావళికీ తానే ఎంచుతుంది. నేను ఏమాత్రం జంకకుండా ఒప్పుకున్నాను.

టి. నగర్‌లో ముందు చీరల పని. అవ్వ చీర కొంగు నలిపి చూసి, దారం లాగి చూసి, చివరికి వాసన చూసి, మూడు దుకాణాల వాళ్లను మూడు చెరువుల నీళ్లు తాగించాక, మొదటి దుకాణంలో మొదట చూసిన చీరే తీసుకుంది. అప్పటికి నా ఓపిక పూర్తిగా అయిపోయింది. పాండీ బజారు పక్క సందులో, ఒక మెట్ల కింద క్యాసెట్ల దుకాణం. పండగ తగ్గింపు అని తోరణాలు కట్టారు, దాని కిందే తగ్గింపు సరుకు మార్చబడదని అరవంలో రాసి పెట్టారు. ఒక్కొక్కరికి మూడు క్యాసెట్లు మాత్రం అక్కడి చిన్న టీవీలో వేసి చూపిస్తారు. మూడింటిలోనే ఎంచుకోవాలి. వెనక జనం తోసుకుంటూ ఉంటారు.

మొదటిది వెయ్యి ఆటలున్నాయని బొమ్మ మీద వేసిన క్యాసెట్. సుజీ కళ్లు మెరిశాయి. నేను జాయ్‌స్టిక్ అడిగి తీసుకుని, ఆటలోకి పోకుండా, ఆటల పేర్లు మాత్రం కిందికి దొర్లించుకుంటూ పోయాను. తొమ్మిది పేర్ల తర్వాత మళ్లీ మొదటి పేరే వచ్చింది, అంకె మాత్రం పది. దుకాణం అన్న నవ్వి, "పాప గట్టిదే" అని క్యాసెట్ లాగేశాడు. ఆ మాట ఇప్పటికీ నాకు మెడల్ కిందే లెక్క. రెండోది సుజీ చూపించిన కారు పందెం, బొమ్మలూ బాగున్నాయి, శబ్దమూ బాగుంది. అవ్వ నా భుజం మీదుగా తొంగి చూసి అడిగింది. "ఒగతి కారు తోల్తావుంటే ఇంకోతి ఏం జేస్తాది?"

"చూస్తా ఉంటాది అవ్వా."

"చూసేదానికి టీవీ ఉండాది గదా. దానికి ఆట ఎందుకు?"

నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే అవ్వ చెప్పింది నిజం. మూడోది నేనే ఎంచాను. ఒకే తాడుకు కట్టిన ఎర్ర కప్ప, పచ్చ కప్ప. రెండూ కలిసి రాళ్ల మీద గెంతుతూ నది దాటాలి. ఒకటి గెంతి ఇంకోటి గెంతకపోతే తాడు లాగి రెండూ నీళ్లలో పడతాయి. మా వీధిలో ఎవరి దగ్గరా లేదు. ఇద్దరు ఆడేది. ఇదే అన్నాను. సుజీ బస్సు ఎక్కి తొండియార్‌పేట దిగేదాకా మూతి ముడుచుకునే ఉంది.

దీపావళి రోజు తెల్లవారుజామున నూనె తలంట్లు అయ్యాయి, ఇంటింటికీ వెళ్లి గంగాస్నానం అయిందా అని అడగడాలు అయ్యాయి, నాలుక మండే లేహ్యం ఉండలు మింగడమూ అయింది. దేవుడి పలక ముందు కొత్త బట్టల దొంతర, దాని మీద మా క్యాసెట్. అవ్వ అప్పుడే కొమ్ము అరగదీసిన తడి పసుపుతో ఒక్కొక్క బట్టకూ బొట్టు పెట్టుకుంటూ వచ్చి క్యాసెట్ దగ్గర ఆగిందట. పిల్లలు అంత ఆశపడి తెచ్చుకున్నది, దీనికి ఒక్క బొట్టేం సరిపోతుందని అనుకుందట. దాన్ని తిప్పి చూస్తే కింద చిన్న నోరు తెరుచుకుని ఉంది. గడపకు పూసినట్టు ఆ నోటికి ఈ కొస నుంచి ఆ కొసకు నిండుగా పూసేసింది.

పూజ కాగానే నేను క్యాసెట్ పెట్టాను. టీవీలో బూడిద గీతలు తప్ప ఏమీ రాలేదు. తీసి ఊదాను, మళ్లీ పెట్టాను, మళ్లీ గీతలే. తిప్పి చూశాను. రాగి పళ్లు ఒక్కటి కూడా కనిపించడం లేదు, అంతా పసుపు ముద్ద. సుజీ చప్పట్లు కొట్టి, "పైవర్షం నుంచి నేనే!" అంది. నేను అవ్వ వైపు తిరిగి నోటికొచ్చినట్టు అరిచాను. "నీకేం తెలుసని దీన్ని ముట్టుకున్నావ్? నువ్వు ముట్టుకుంటే అంతా పాడే! నా వస్తువు ఏదీ ముట్టుకోవద్దు ఇంక!"

అవ్వ, ఎప్పుడూ ఎవరి చేతా మాట పడనిది, మాకందరికీ ఒకటికి రెండు అప్పజెప్పేది, చేతిలోని పసుపు గిన్నె కింద పెట్టి వెనక పంపు దగ్గరికి వెళ్లి కూర్చుంది. అమ్మ ఇడ్లీలు, మాంసం కొళంబు పళ్లెంలో పెట్టి తీసుకెళ్తే వద్దంది.

నాయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నా పెన్సిల్ డబ్బాలోంచి రబ్బరు తీసుకుని, తడి గుడ్డతో పసుపు తుడిచి, రాగి పళ్లను ఒక్కొక్కటిగా రబ్బరుతో రుద్దాడు. "క్రేన్ స్విచ్చులు కూడా ఇట్టనే తోముతాం" అన్నాడు, నాతో కాదు, క్యాసెట్‌తో. తర్వాత ఆయనా అమ్మా సుజీ పలహారాల డబ్బాలు పట్టుకుని వ్యాసర్‌పాడిలోని చుట్టాలింటికి బయల్దేరారు. నేను రానన్నాను. రమ్మని ఎవరూ బతిమాలలేదు.

క్యాసెట్ పెట్టాను. పాట మోగింది, నది వచ్చింది, ఎర్ర కప్పా పచ్చ కప్పా గట్టు మీద నిలబడ్డాయి. నేను గెలిచాననుకున్నాను. ఎర్ర కప్పను గెంతించాను. పచ్చది కదలలేదు, తాడు లాగింది, రెండూ మునిగాయి. రెండు జాయ్‌స్టిక్‌లు రెండు చేతుల్లో పట్టుకున్నాను, మునిగాయి. ఒకటి చేతిలో, ఇంకోటి కాలి బొటనవేలి కింద పెట్టుకున్నాను, ఇంకా తొందరగా మునిగాయి. అన్ని ఆటల్లోకీ ఒంటరిగా ఆడలేని ఆటను వెతికి వెతికి ఎంచుకున్నది నేనే, ఇంట్లో ఉన్న రెండో మనిషి పంపు దగ్గర అన్నం మానేసి కూర్చుని ఉంది.

అప్పుడు నాకు సిగ్గేసింది. మా ఇంట్లో తప్పయిపోయిందని నోటితో చెప్పుకునే అలవాటు ఎవరికీ లేదు, నాకూ తెలీదు. జాయ్‌స్టిక్ తీసుకెళ్లి చేతిలో పెడదామంటే దాని తీగ మూడడుగులే. వెనక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను.

"అవ్వా, ఒగతే ఆడేదానికి కావడంలా. రా."

అవ్వ నన్ను చూసింది. తర్వాత తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. "ఉండు, చెయ్యి తుడుచుకోనీ. పసుపుండాది" అంది.

ఆ మాటకు నేను ఏడ్చినంతగా ఏ దెబ్బకూ ఏడవలేదు. పంపు కొట్టి నేనే ఆ చెయ్యి కడిగాను, నా కొత్త పావడాతోనే తుడిచాను, ఆ పావడాకు అంటిన పసుపుకు అమ్మ చేత సాయంత్రం తిట్లూ తిన్నాను.

అవ్వ ఆడిన తీరు చెప్పాలంటే ఒక పూట పడుతుంది. గెంతాల్సినప్పుడు బొత్తాం నొక్కడంతో పాటు మనిషి కూడా జానెడు లేచేది. కప్ప నీళ్లలో పడితే "అయ్యో, కొత్త బట్టలు తడిసిపొయ్యెనే" అనేది. నేను తొందరపడితే "నిలబడే ఎర్రదానా, నా మోకాళ్లు చూసుకుని గెంతు" అని కసిరేది. ఆ మధ్యాహ్నానికి నది దాటాం. మధ్యలో ఇడ్లీలు కూడా టీవీ ముందే తిన్నాం. అమ్మావాళ్లు తిరిగొచ్చి, సుజీ జాయ్‌స్టిక్ కోసం చెయ్యి చాస్తే అవ్వ ఇవ్వలేదు. "ఉండవే, ఈ రెండో గట్టు దాటనీ."

ఆ ఏడాదంతా వీధిలోని అన్ని క్యాసెట్లూ మా ఇంటికి వచ్చి వెళ్లాయి, మా కప్పలు మాత్రం గడప దాటలేదు. కావలసినవాళ్లే వచ్చి, ముందు అవ్వను బతిమాలి, ఆమెతో జత కట్టి ఆడి పోయేవాళ్లు. తర్వాతి దీపావళికి కూడా ఎంపిక నాదే.

అవ్వ పోయి చాలా కాలమైంది. ఆరిళ్ల లైను ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉంది, మెట్ల కింద దుకాణంలో ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఆటలు ఇప్పుడు గాల్లో వస్తాయి. మొన్న మేఘన పట్టీలోని ఇరవై మూడింటినీ నేను అవ్వ అడిగిన ఆ ఒక్క ప్రశ్నతోనే జల్లించాను. చివరికి ఒకటి మిగిలింది, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒక పడవను నడపాల్సిన ఆట. మేఘన గొణిగింది గానీ కొన్నది. నేను చెప్పాను కదా, నా ఎంపికకు తిరుగుండదు. కానీ దేవుడి ముందు పెట్టడానికి డబ్బా లేదు, పసుపు పెట్టడానికి అంచు లేదు, టీవీ తెర మీద ఒక నీలం గీత మెల్లగా నిండి ఆగిపోయింది, అంతే.

దీపావళి పొద్దున పూజ గదిలో కొత్త బట్టలకు బొట్లు పెడుతున్నాను. మేఘన స్నేహితులందరూ పండగ హడావిడిలో ఉన్నట్టున్నారు, ఆడటానికి ఒక్కరూ ఇంటికి రాలేదు. హాల్లోంచి ఆమె అరవంలో కేకేసింది. "మా, సీక్రం వా మా, తనియా ఆడ ముడియల!" తొందరగా రమ్మని, ఒంటరిగా ఆడలేకపోతున్నానని. పిల్ల గొంతులో విసుగుంది, బతిమాలడమూ ఉంది.

నేను నా కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాను.

"ఉండు, చెయ్యి తుడుచుకోనీ" అన్నాను.