అన్నోజిగూడ క్యాసెట్‌కు ఎర్ర స్టిక్కర్

నా హెల్మెట్ వెనక ఈ పసుపు స్టిక్కర్ ఏందని పొద్దటి సంది ముగ్గురు అడిగిన్రు. గేటు కాడ వాచ్‌మన్ అయితే చదివి, సల్యూట్ కొట్టి మరీ నవ్విండు. కూసోండ్రి, చెప్తా. చాయ్ మాత్రం జర కింద పెట్టుండ్రి, నవ్వుతుంటే ఒలికితే నన్ను అనొద్దు.

నా పని మీకు ఎరుకే. నాచారంల సీసా మూతలు చేసే కంపెనీ, దాంట్ల నేను క్వాలిటీ చూస్త. డబ్బాలకెళ్లి గుప్పెడు మూతలు తీసి చూసుడు. మంచిగుంటే డబ్బాకు పచ్చ స్టిక్కర్. లోపం ఉన్నా పని నడుస్తదనుకుంటే పసుపు. ఒక్క మూత పగిలింది దొరికిందనుకో, ఎర్రది, డబ్బా మొత్తం రిజెక్ట్. ఇగ మిగతా మూతలు చూసే పనే లేదు. స్టిక్కర్ మీద లోపం ఏందో రాయాలె, కింద చెక్ చేసినోని పేరు పెట్టాలె. రిజెక్ట్ మాల్ మళ్ల లైన్ల కలవొద్దు కదా, అందుకని గీకినా ఊడని స్టిక్కర్లే కావాలని ఆఫీసుల కొట్లాడి తెప్పించింది కూడ నేనే. ఈ ముక్క యాది పెట్టుకోండ్రి.

పని తర్వాత నాకున్న ఒకే ఒక్క పిచ్చి సెకండ్ షిఫ్ట్. అది బ్యాండు పేరు. మౌలాలి రైల్వే క్వార్టర్లల నలుగురు దోస్తులు పొద్దటి డ్యూటీ దిగి వచ్చి, సాయంత్రాలు తెలుగుల రాక్ పాటలు కట్టేటోళ్లు. గిటారు, గొంతు సామ్యేల్ అన్నయి. చర్చిల తయారైన గొంతు, మైకు లేకున్నా ఆఖరి వరుస దాకా పోతది. డ్రమ్ములు యాదగిరి అన్నయి. ఇప్పుడు అందరు రిటైరైన్రు, మోకాళ్లకు పట్టీలు కట్టుకొని స్టేజి ఎక్కుతున్నరు. స్టూడియోల చేసిన పాటలు వాళ్లయి అంతంతే. జనం ముందు నిలబడితే మాత్రం వేరే మనుషులైతరు. అందుకే వాళ్ల లైవ్ క్యాసెట్లంటే నాకు పానం. ఆరున్నయి. ఆరింటికి ర్యాంకులిచ్చిన. ఎట్ల ఇచ్చిన అనుకున్నరు? కంపెనీ స్టిక్కర్లు తెచ్చి అంటించిన.

మొదటిది మౌలాలి లైవ్. దీని మీద నాతోని ఎవ్వడు వాదన పెట్టుకోవద్దు. మెల్లటి పాట నడుస్తుంటే నడుమల గూడ్స్ బండి కూత పెడుతది. సామ్యేల్ అన్న పాట ఆపడు. బండి ఆఖరి డబ్బా దాటేదాక అదే రాగం పట్టుకొని నిలబడ్తడు. పచ్చ స్టిక్కర్.

రెండోది బోడుప్పల్ లైవ్. ఖాళీ ప్లాట్లల స్టేజి ఏసిన్రు, సగంల కరెంటు పోయింది, గిటార్లు బంద్. యాదగిరి అన్న ఒక్కడే చెప్పు పట్టుకొని డ్రమ్ము మీద దరువేస్తడు. అవును, కాళ్లకు తొడుక్కునే తోలు చెప్పే. ప్రతి షోల ఆఖరి పాటకు ఆ చెప్పు బయటికి తీస్తడు, జనం పిచ్చోళ్లైతరు. ఆ చెప్పు దరువు యాడికెళ్లి పుట్టిందని నేను మా అభిమానుల వాట్సాప్ గ్రూపుల పేద్ద వ్యాసం రాసిన. తోలు మీద తోలు పడితే లేచే నాదం, డప్పు వారసత్వం, కార్మికుని నిరసన, ఇట్ల ఏది దొరికితే అది కలిపిన. మస్తు దండాల బొమ్మలు వచ్చినయి.

నడుమల మూడింటికి పసుపు. ఒకదాంట్ల బేస్ గిటారు వినపడనే వినపడది. ఇంకోటి పెండ్లిల రికార్డు చేసిన్రు, మంచి పాట నడుస్తుంటే భోజనాలకు లేవాలని మైకుల చెప్తరు. మూడోదాంట్ల ఏ లోపం లేదు, నాకే ఊకె నచ్చలే.

ఆఖరిది అన్నోజిగూడ లైవ్. ఎర్ర స్టిక్కర్. మూడో పాటల సామ్యేల్ అన్న గొంతు అట్ల పైకి లేస్తుంటే, జనంలకెళ్లి ఎవడో ఓండ్ర పెడుతడు. ఆపడు, పాపిష్టోడు. ఆ షోకు నేను పోయిన, పదిహేడేండ్లుంటయి నాకు. మా అక్క మొగుడు రాములు బావ స్కూటర్ మీద ఎక్కించుకొని తీస్కపోయిండు. ఆ గాడిద సరిగ్గ నా వెనకనే నిలబడ్డదని, నా చెవులతోని విన్ననని గ్రూపుల ఎన్నిసార్లు రాసిన్నో లెక్క లేదు. క్యాసెట్ కొన్న దినమే ఆ అరుపు కాడ టేపు బంద్ చేసిన. లోపం దొరికినంక మిగతాది చూసే పనేమున్నది? మళ్ల ఎన్నడు పెట్టలే.

గిట్లుంటే, రెండు నెలల కింద సామ్యేల్ అన్న నాకు ఫోన్ జేసిండు. నాకు! కుర్చీలకెళ్లి లేచి నిలబడి మాట్లాడిన. ఉప్పల్ ఫంక్షన్ హాల్ల ఏడో లైవ్ రికార్డు చేస్తున్నరంట, అదే వాళ్ల ఆఖరిదంట. నీ ర్యాంకుల సంగతి విన్న తమ్మీ, ఆరు క్యాసెట్లు పట్టుకొని ఆదివారం రా, ఏది ఎందుకు మంచిగుందో చెప్పు, కొత్తదాని కవర్ మీద నాలుగు ముక్కలు నువ్వే రాయాలె అన్నడు. సెకండ్ షిఫ్ట్ కవర్ మీద నా పేరు! ఆ దినం మూతలు చూడకుండనే నాలుగు డబ్బాలకు పచ్చ అంటించిన, మా మేనేజర్‌కు చెప్పకుండ్రి.

ఆదివారం నా భార్య సుజాత కూడ వెంట వచ్చింది. ఉప్పల్ల కర్టెన్ బట్ట కొనేదుండె, ముందు అది కొన్నం. వాళ్లు ప్రాక్టీస్ చేసే రూము టైర్ల షాపు మీద. సగం మెట్లెక్కినంక యాదికొచ్చింది. అన్నోజిగూడ మీద ఎర్ర స్టిక్కర్ అట్లనే ఉన్నది. గోటితోని గీకిన. బండి తాళంచెవితోని గీకిన. డబ్బా మీద గీతలు పడ్డయి గాని స్టిక్కర్ కదల్లే. ఇగ చేసేదేం లేక సుజాత హ్యాండ్‌బ్యాగుల పెట్టి, జర ఉంచు అన్న. ఎందుకని ఆమె అడగలే, నేను చెప్పలే. అదే తప్పయింది.

లోపల సామ్యేల్ అన్న చాయ్ ఇచ్చి, క్యాసెట్లు డ్రమ్ము మీద వరుసగ పేర్చి లెక్కపెట్టిండు. ఐదే ఉన్నయి, అన్నోజిగూడ ఏదన్నడు. దోస్తు తీస్కపోయి ఇంక ఇయ్యలేదన్న. నేను మరిచిపోయిననుకున్నది సుజాత.

"దోస్తు ఏంది? ఇప్పుడే కదా మెట్ల మీద నా బ్యాగుల పెట్టిన్రు" అని తీసి చేతికిచ్చింది.

యాదగిరి అన్న అద్దాలు పెట్టుకొని, అందరు వినేటట్టు చదివిండు. "లోపం, మూడో పాటల గాడిద అరుపు. రిజెక్ట్. చెక్ చేసింది, శ్రీశైలం."

కింద టైర్లకు గాలి కొట్టే మిషన్ ఒక్కటే మోగుతున్నది. నా పేరు కవర్ మీదికెళ్లి మెట్లు దిగి పోతున్నట్టే అనిపించింది నాకు. ఆ అరుపు తర్వాత ఏమున్నదో విన్నవా అని సామ్యేల్ అన్న అడిగిండు. వినలే అన్న. ఎన్నేండ్ల సంది వినలేదని అడిగిండు. కొన్నప్పటి సంది అన్న. క్యాసెట్ టేపుల పెట్టి, మూడో పాటకు తిప్పిండు.

ఓండ్ర వచ్చింది. నేను తల దించుకున్న. ఓండ్ర ఆగింది, అదే పగిలిన గొంతుతోని పోరడు ఒకడు ఏడ్పు మొదలు పెట్టిండు.

"బావా, నా చెప్పు పోయింది. కొత్త చెప్పు బావా. రాములు బావా!"

టేపుల మన గొంతు మనకు కొత్తగనే వినపడ్తది, నిజమే. గాని నా బావ పేరు కొత్త కాదు కదా. ఆ పూటనే బావ కొనిచ్చిన జోడు అది. తొక్కులాటల కుడి కాలుది పోయింది. పదిమందిల ఇజ్జత్ తీసినవని బావ చెవి పట్టుకొని స్కూటర్ దాకా గుంజుకపోయిండు. ఒంటి చెప్పుతోని ఇంటికొచ్చిన. సగం షో చూడనే లేదు. ఆ చెప్పు కథ మా అక్క ప్రతి ఫంక్షన్ల చెప్తది. చెప్పు పోయిందని యాదికుంది గాని, దానికంటే ముందు ఓండ్ర పెట్టింది కూడ నేనేనని యాది లేకపాయె. సుజాతకు మాత్రం అర నిమిషం పట్టలే. "ఇది మా ఆయనే" అని కర్టెన్ బట్ట మొఖానికి అడ్డం పెట్టుకొని నవ్వుడు మొదలు పెట్టింది.

టేపు ఇంక నడుస్తనే ఉన్నది. సామ్యేల్ అన్న పాట ఆపి, తమ్ముడు ఏడుస్తుండు, చెప్పు ఎవరికన్న దొరికితే స్టేజి మీదికి ఎయ్యండ్రి అని మైకుల అడుగుతడు. ఒకటి పడ్డది. తర్వాత పది. తర్వాత వానే. జనం నవ్వుతున్నరు, ఈలలు వేస్తున్నరు. ఆ లొల్లిలకెళ్లి మెల్లగ ఒక దరువు లేచింది. యాదగిరి అన్న డ్రమ్ముకు మొక్కి, ముందు పడ్డ చెప్పు తీసుకొని కొట్టిండంట. నేను పానం పెట్టే ఆ చెప్పు దరువు పుట్టింది ఆడనే.

యాదగిరి అన్న లేచి, డ్రమ్ముల పెట్టెలకెళ్లి పాత తోలు చెప్పు తీసిండు. కుడి కాలుది. పట్టీ తెగి, చుట్టూ నల్ల టేపు చుట్టి ఉన్నది. నా ఒళ్లో పెట్టిండు.

"కార్మికుని నిరసన అని రాసినవ్ కదా తమ్మీ, నేను చదివిన" అన్నడు. "ఇది నీ చెప్పే."

సిగ్గుతోని చచ్చిపోయిన. దండాల బొమ్మలన్ని నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. సామ్యేల్ అన్న మాత్రం నవ్వలే. మాకు అన్నోజిగూడనే నంబర్ వన్ తమ్మీ, మొత్తం వినకుండ రాసేటోడు మాకొద్దు, కవర్ మీద నువ్వు రాయకు అన్నడు. ఉన్న మాటే అన్నడు, అందుకే ఎక్కువ తగిలింది. లేచి క్యాసెట్లు సర్దుకుంటుంటే భుజం మీద చెయ్యేసి, శనివారం ఉప్పల్ షోల మాత్రం మొదటి వరుసల నిలబడాలె, మూడో పాటల అరవాలె, అప్పటోలెనే అన్నడు.

పోయిన. లేసులున్న బూట్లు తొడుక్కొని, రెండు ముళ్లు ఏసి మరీ పోయిన. మూడో పాటల అరిచిన. గొంతు అట్లనే ఉన్నది, పక్కన నిలబడ్డ పెద్దమనిషి నీళ్ల సీసా తెచ్చిచ్చిండు.

నిన్న సీడీ చేతికొచ్చింది. కవర్ తిప్పి చదివిన. గిటారు, గొంతు: సామ్యేల్. డ్రమ్ములు: యాదగిరి. ఇంకో ఇద్దరి పేర్లు. వాళ్ల కింద, అదే సైజు అక్షరాలల్ల, కుడి చెప్పు: శ్రీశైలం, నాచారం. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి, అబద్ధం ఎందుకు. కూసోని మొదటికెళ్లి ఆఖరి దాకా రెండుసార్లు విన్న, అప్పుడు పచ్చ స్టిక్కర్ అంటించిన.

సుజాత నాకొక పసుపుది కావాలన్నది. మామిడికాయ తొక్కు డబ్బాకేమో అనుకొని ఇచ్చిన. నా హెల్మెట్‌కు అంటించిందని ఈ పొద్దు గేటు కాడ వాచ్‌మన్ చదివేదాక నాకు తెల్వది. ఇగో, మీరే చూడుండ్రి. లోపం: అరుస్తడు, మొత్తం వినడు. పని నడుస్తది. చెక్ చేసింది: సుజాత.

పొద్దటి సంది తాళంచెవితోని గీకుతనే ఉన్న. ఊడుతలేదు. కొట్లాడి తెప్పించుకున్నది నేనే కదా.